పాదానికి తెలిసిన కథ

మా ఊరి చెరువు రేవులో అడుగు మెట్లు మూడూ ఎప్పుడూ పచ్చగా నిగనిగలాడేవి. పిల్లలం వాటి మీదికే ఉరికేవాళ్లం. బిందె ముంచుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు మాత్రం ముందు బొటనవేలితో తడిమి చూసి, పట్టు దొరికాకే ఒంటి బరువు మోపేవారు. రావూరి భరద్వాజ ‘పాకుడురాళ్లు’ తెరిచినప్పుడల్లా నాకు ఆ బొటనవేళ్లే గుర్తొస్తాయి.

భరద్వాజ ఈ నవలకు మొదట పెట్టుకున్న పేరు ‘మాయ జలతారు’. ‘పాకుడురాళ్లు’ అన్నది రచయిత శీలా వీర్రాజు పెట్టిన పేరు. ఆ ఒక్క పేరుకే ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను. జలతారు కంటికి సంబంధించింది, దూరాన నిలబడి మురిసిపోయేవాడి మాట. పాకుడు సంగతి కాలికే తెలుస్తుంది. సినిమాతార గురించి రాసేవాళ్లలో చాలామంది మన పక్క కుర్చీలో కూర్చుని, తెరకేసి చూస్తూ రాస్తారు. భరద్వాజ తెర వైపు చూడరు. ఆ పిల్ల కాలి కింద ఏముందో వంగి చూస్తారు.

ఆ పిల్ల మంగమ్మ. గుంటూరు వైపు నాటకాల్లో వేషాలు వేసుకునే మనిషి. తెలుగు సినిమా అంతా మద్రాసులోనే ఉన్న ఆ రోజుల్లో అక్కడికి చేరి మంజరి అవుతుంది. పేరొస్తుంది, డబ్బొస్తుంది, బొంబాయి పిలుస్తుంది. చివరికి తన ప్రాణం తానే తీసుకుంటుంది. కథ ఇంతే. ఇలా చెబితే పత్రికల్లో సగం పేజీకి సరిపోయే వార్త.

కానీ మంజరి నాకు ఏ పుటలోనూ జాలిబొమ్మగా కనపడలేదు. తనను మెట్టు చేసుకున్నవాళ్లను చూసి, మనుషులను మెట్లు చేసుకోవడం తానూ నేర్చుకుంటుంది. అబద్ధమాడుతుంది, లెక్క చూసుకుంటుంది, కొట్టవలసినచోట కొడుతుంది. ఆమెను వెనకేసుకురావాలన్న ఆరాటం రచయితకు లేదు, మందలించాలన్న ఉబలాటం అంతకన్నా లేదు. ఆ నిగ్రహానికే నేను లొంగిపోయాను. ఒక ఆడమనిషిని దేవతనూ చేయకుండా, పతితనూ చేయకుండా ఇన్ని వందల పేజీలు నడపడం సామాన్యమా!

నడిపించింది చాలావరకు సంభాషణలే. ఈ నవలలో మనుషులు ఊరికే మాట్లాడుకోరు, తీయగా బేరమాడతారు. మాటల్లో మర్యాద పెరుగుతోందంటే బేరం దగ్గరపడుతోందని కొన్ని అధ్యాయాలు చదివేసరికి మనకే పసిగట్టడం వస్తుంది. పొగడ్త వినపడగానే నా ఒళ్లు జాగ్రత్తపడేది. మంజరికి అబ్బిన విద్య పాఠకుడికీ అబ్బేలా రాశారాయన.

కృష్ణాపత్రికలో మూడేళ్లపాటు సీరియల్‌గా వచ్చిన నవల ఇది. ఆ వారం వారం సాగతీత జాడలు కొన్నిచోట్ల ఉన్నాయి. మొదటిసారి అక్కడ విసుక్కుని పేజీలు తిప్పేశాను. ఇప్పుడు వాటినీ వదలను. వేషం కోసం గుమ్మాల ముందు పడిగాపులు పడే లోకం అది, ఆ కాలహరణం కథలోకీ రావలసిందే కదా.

ఇంతకీ మంజరి అంటే ఎవరు? హాస్టల్లో ఈ పుస్తకం చేతులు మారుతున్నప్పుడు ఒక్కొక్కరం ఒక్కో తార పేరు చెప్పేవాళ్లం. ఆ ఆట నాకు తొందరగానే చేదెక్కింది. ఇంకొకరి పేరు తగిలిస్తే మంజరి చిన్నదైపోతుంది.

భరద్వాజ చదువు ఏడో తరగతి దాటలేదు. తాడికొండలో దరిద్రాన్ని దగ్గరగా చూసిన మనిషి, కూలిపని చేసిన మనిషి, ఆకాశవాణి కొలువుదాకా నడిచి వచ్చారు. విశ్వనాథ, సినారెల తర్వాత తెలుగుకు మూడో జ్ఞానపీఠం, 2012వ సంవత్సరానిది, తెచ్చింది ఆయనే. 2013 అక్టోబరులో కన్నుమూశారు. మెట్టు మెట్టుకూ కాలు జారే భయం ఏమిటో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదనుకుంటాను. అందుకే మంజరి పడినప్పుడు ఆయన గొంతు పెద్దది చేయలేదు.

ఆఖరి పుట అయ్యాక ప్రతిసారీ నేను పుస్తకాన్ని వెనక్కి తిప్పుతాను. మంగమ్మ ఇంకా మంజరి కాని పుటలు వెతుక్కుంటాను. అక్కడ ఆ పిల్ల ఇంకా గుంటూరు గాలిలోనే ఉంటుంది. రైలెక్కించే పేజీ వచ్చేలోపే ఆపేసి, వేలు అక్కడే ఉంచి, చాలాసేపు అలాగే కూర్చుంటాను.