చిల్లకల్లు దాటిన సందేశము

హైదరాబాదు నుండి బెజవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై, జగ్గయ్యపేట సమీపమున చిల్లకల్లు టోల్‌గేటు దాటిన కారు యజమానికి, రుసుము తగ్గిన వార్త ఒక్కొక్కప్పుడు నందిగామ చేరిన పిమ్మట గాని అందదు. గేటు లేచుటకు ఆ వార్త రానక్కరలేదు. ఫాస్టాగును చదివిన యంత్రము లెక్కను తన బ్యాంకునకు పంపగా, అది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను మీదుగా మన బ్యాంకునకు చేరి, సొమ్ము తగ్గిన తరువాత ఫోను మ్రోగును. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగు తప్పనిసరియైనది మొదలు మా మెట్టసీమలో కారున్న వారందరును ఈ ఆలస్యమునకు అలవాటుపడినారు. నావంటి జావా ప్రోగ్రామరులకు మాత్రము అన్నవస్త్రములు ఇట్టి ఆలస్యములోనే యున్నవి.

స్ప్రింగ్ బూటులో వెబ్ సర్వీసును పరీక్షించుట సుకరము. మాక్‌ఎంవీసీతో అభ్యర్థన పంపినచో ప్రత్యుత్తరము తత్క్షణమే లభించును. 200 వచ్చినదో 400 వచ్చినదో చూచుకొని టీ త్రాగబోవచ్చును. ఇట్టి ఆలస్యముతో నడుచు మెసేజింగు అట్టిది కాదు. యాక్టివ్‌ఎంక్యూ వంటి బ్రోకరునకు సందేశము నప్పగించిన క్షణముననే మన ప్రోగ్రాము తన ధర్మము తీరినదని తలచును. అవతల సందేశము నందుకొను లిజనరు మేలుకొని యున్నదో లేదో దానికి పట్టదు. కొత్తగా చేరిన పిల్లలు టెస్టులో ‘5 సెకన్లు నిద్రించుము’ అని వ్రాసి, ఆపై ఫలితము చూతురు. అది వారి ల్యాప్‌టాపున నెగ్గి బిల్డ్ సర్వరున ఓడును. ఫలితము కొరకు మాటిమాటికి తొంగిచూచుచు, గడువు దాటిన పిదపనే ఓటమి నొప్పుకొను అవెయిటిలిటీ అను లైబ్రరీ యుండగా ఈ నిద్ర యెందులకో!

ఐనను అసలు పరీక్ష వేరు. లిజనరు డేటాబేసులో రుసుమును వ్రాసి, ‘అందినది’ అని బ్రోకరునకు చెప్పుటకు ముందే నెట్‌వర్కు తెగినచో, బ్రోకరు బహు నిష్ఠాపరుడు కావున, అదే సందేశమును మరల నిచ్చును. ఒక్క కారునకు రెండు రుసుములు పడును. కావుననే ఒకే గుర్తింపు సంఖ్యగల సందేశమును బుద్ధిపూర్వకముగా రెండుమార్లు పంపి, టేబులులో ఒక్క వరుసయే యున్నదని నిర్ధారించు టెస్టును నేను అన్నిటికంటె ముందు వ్రాయుదును. నెట్‌వర్కు తెగుటను పరీక్షించుటకు మెమొరీలో నడుచు నకిలీ బ్రోకరు చాలదు; అది సాధారణముగా పాస్‌వర్డు నడుగదు, మధ్యలో తెగిపోదు. టెస్ట్‌కంటైనర్స్‌తో నిజమైన బ్రోకరును డాకరులో లేపి, నడుమ దానిని ఆపి చూడవలెను.

ఎన్నిమార్లిచ్చినను విఫలమగు సందేశమును యాక్టివ్‌ఎంక్యూ, మనము వేరుగా కాన్ఫిగరు చేయనిచో, తొలిమారు గాక మరి 6 మార్లు ఇచ్చి చూచి డెడ్ లెటర్ క్యూలో పడవేయును. ఆ క్యూను చదువువారెవరో తేల్చని డిజైనును నేను అంగీకరింపను. అందొక సందేశము పడిన తోడనే అలారము మ్రోగునా యనుటకును టెస్టు వ్రాయింతును, పిల్లలు గొణుగుదురు.