నాలుగు మెట్లంటే ఎన్ని?

మన యాత్రా రచయితలకి లెక్కలు రావు. కోపగించుకోకండి, ఉన్నమాటే అంటున్నాను. ఒక గుడి గురించో, కోట గురించో ఎవరు రాసిందైనా తీసి చూడండి. నాలుగడుగులు వేస్తే కోనేరు అంటారు. నాలుగు మెట్లెక్కితే స్వామి దర్శనం అంటారు. తీరా వెళ్లి చూస్తే ఆ నాలుగడుగులు అరమైలు, ఆ నాలుగు మెట్లు నూట నలభై! కాళ్లు బాగున్నవాళ్లం గనక ఆయాసపడుతూనో, రాసినాయన్ని తిట్టుకుంటూనో ఎక్కేస్తాం. మరి చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి మాటేమిటి? పోలియో కాలికి కాలిపర్సు కట్టుకున్న పిల్ల మాటేమిటి? పక్షవాతంతో ఒక పక్క స్వాధీనం తప్పిన మామగారి మాటేమిటి? వాళ్లకి ఆ ‘నాలుగు’ అలంకారం కాదు. ప్రయాణం కట్టడమా, మానడమా తేల్చే అంకె.

తెలుగులో యాత్రా రచన ఇలా మొదలవలేదు సుమండీ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. అందులో మజిలీలే మజిలీలు. ఈ ఊరికి ఆ ఊరెంత దూరం, దారి ఇసకా, రాయా, బురదా, నీళ్ల వసతి ఉందా, సామాను దొరికే అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా - ఇదీ ధోరణి. కథలా చదువుదామని కూర్చున్నవాళ్లకి విసుగనిపించవచ్చు. కానీ గడప దాటే ముందు పదిసార్లు విచారించుకోవలసిన మనిషికి అందులో ప్రతి వాక్యమూ పనికొచ్చేదే. ఆయన పల్లకీలో వెళ్లారు. మోసేవాళ్ల కాళ్ల కింద ఎలాంటి నేల వస్తుందో ఆయనకి పట్టింది. పల్లకీలు పోయి బస్సులొచ్చాక నేల సంగతి రాయడం మానేశాం. సూర్యాస్తమయాలు మాత్రం మిగిలాయి.

ఇంకో లోపం దీనికంటే చేటు. మన యాత్రా వ్యాసాల్లో అంగవైకల్యం ఉన్న మనిషి ఎప్పుడైనా కనిపిస్తే, మెట్ల మీద పాకుతూ కనిపిస్తాడు. రచయిత కళ్లు చెమరుస్తాయి. ఆహా, ఏమి భక్తి అని చేతులెత్తి మొక్కుతాడు. ఆ మనిషి పాకవలసిన అవసరం ఎందుకొచ్చిందని మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యడు. ఆ కన్నీళ్ల వల్ల పాఠకురాలికి మంచి మనసున్న తృప్తి మిగులుతుంది. పాకేవాడికి మెట్లే మిగులుతాయి.

కష్టపడితేనే పుణ్యమనే వాళ్లున్నారు. తిరుమల కొండకి అలిపిరి దారిలో సుమారు 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేశారు, 1974లో రెండోది. బస్సెక్కి వెళ్లిన వాళ్ల భక్తికి తరుగుందని మనమెవరమూ అనుకోవడం లేదే! షోలింగూరు నరసింహస్వామి కొండకి 1305 మెట్లు. అక్కడ 2024లో రోప్‌వే వచ్చింది. మనందరి మోకాళ్లకీ బస్సూ రోప్‌వే అయితే సౌకర్యం, ఒకరి కుర్చీకి వాలుదారి అడిగితే ప్రత్యేక కోరిక! ఇదెక్కడి న్యాయమమ్మా?

“నలుగురు పట్టుకుని ఎత్తేస్తే సరి కదా?” అంటారు మంచి మనసుతోనే. ఎత్తించుకునే మనిషిని అడగండి. మా ఆడబిడ్డ అనేది: “వదినా, నేను దేవుణ్ణి చూడ్డానికొచ్చాను. వీళ్లంతా నన్ను చూస్తున్నారు.” ఎత్తేవాళ్లకి చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలీదు. చీర ఎక్కడికి జారిందో ఆమెకే తెలుసు. ఈ సంగతి ఏ యాత్రా వ్యాసంలోనూ రాదు.

మరో ముచ్చట. ఒక ఊళ్లో లాడ్జికి ముందుగానే ఫోను చేసి, లిఫ్టుందా అని అడిగాం. “ఉందండీ” అన్నారు. అబద్ధం కాదు, ఉంది. ఆ లిఫ్టు దగ్గరికి వెళ్లడానికి ఆరు మెట్లున్నాయి! అందుచేత అడిగే పద్ధతి మార్చుకోవాలి. ‘సౌకర్యం ఉందా’ అంటే లోకమంతా ఉందనే అంటుంది. వీధి గేటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు? స్నానాలగది తలుపు వెడల్పెంత? లోపల గడప ఉందా? పడమటి దొడ్డా, కూర్చునేదా? ఇలా విడదీసి అడిగితేనే నిజం బయటికొస్తుంది. కుర్చీ సులువుగా పట్టాలంటే తలుపు 90 సెంటీమీటర్లుండాలి. వాలుదారి ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి. అంతకంటే నిటారుగా ఉంటే అది జారుడుబల్లే. రైల్లో వీళ్లకి వేరే పెట్టె ఉన్నా, చాలా బళ్లలో అది ఒక కొసనుంటుంది. ప్లాట్‌ఫారం మీద అది ఎక్కడ ఆగుతుందో, మెట్ల వంతెన ఎక్కకుండా అక్కడికి చేరే దారుందో లేదో ముందే కనుక్కోవాలి.

చట్టాల్లేకనా? 1995లో ఒకటి వచ్చింది, 2016లో దాన్ని మించినది వచ్చింది. అయినా అందుబాటుకి సంబంధించిన నియమాలు చాలావరకు సలహాల్లాగే ఉండిపోయాయని, తప్పక పాటించవలసిన ప్రమాణాలు చెయ్యమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వానికి చెప్పవలసి వచ్చింది. చట్టం మెట్టు దిగి గుడి వాకిట్లోకి రావడానికి ఇంకా ఎంతకాలమో!

ఈలోపు కలం పట్టినవాళ్లు చెయ్యగలిగింది ఉంది. ఇంట్లో ఒకరు కదల్లేకపోతే ఆగిపోయేది ఒక్కరు కారు. వాళ్లని కనిపెట్టుకుని ఉండే ఆడమనిషి కూడా ఆగిపోతుంది. “మీరు వెళ్లి రండి, నేనుంటాలే” అన్న మాట ఎన్ని ఇళ్లలో ఎన్ని ఏళ్లుగా వినబడుతోందో మీకు నేను చెప్పాలా? యాత్రా వ్యాసం రాసేవారు గోపురం ఎత్తు రాసినట్టే దాని ముందున్న మెట్లూ లెక్కపెట్టి రాస్తే, పట్టుకోడానికి కమ్మీ ఉందో లేదో చెబితే, ఆ ఇళ్లలో కనీసం కొన్నింట్లోనైనా ఇద్దరు బయలుదేరతారు. వర్ణన కాస్త తగ్గినా నష్టం లేదు. అందం సంగతి వాళ్లు వెళ్లి స్వయంగా చూసుకుంటారు. వెళ్లే దారి చెప్పండి చాలు.