శనగపచ్చ పురుగు పేరు – హార్డ్‌విక్ గ్రంథము

శనగకాయకు గుండ్రని రంధ్రము చేసి, తల లోపలను, ఒడలు వెలుపలను ఉంచి గింజను తిను పచ్చని పురుగును ఎరుగని శనగరైతు ఉండడు. పేరు శనగపచ్చ పురుగే అయినను అది కందిని, పత్తిని, టమాటాను కూడ విడువదు. ఆ మాటకు వచ్చిన తెలుగు పేరు సగమే నిజము. పోనీ, శాస్త్రీయ నామమైనను నిలకడగా ఉన్నదా? ఒక పాఠ్యగ్రంథములో హీలియోథిస్ ఆర్మిజెరా, మరొకదానిలో హెలికోవెర్పా ఆర్మిజెరా. ఇవి రెండు వేర్వేరు పురుగులని విద్యార్థి అనుకొన్నచో తప్పు వానిది కాదు.

ఈ మార్పునకు మూలము కెనడా కీటకశాస్త్రజ్ఞుడు డి. ఎఫ్. హార్డ్‌విక్ 1965లో ప్రకటించిన 247 పుటల గ్రంథము. మొక్కజొన్న కంకి పురుగు, దాని దగ్గరి చుట్టములు ఇందలి విషయము. ఈ శలభముల రెక్కల రంగు ఒకే జాతిలోనే లేత పసుపు మొదలు గోధుమ వరకు మారును. కనుక హార్డ్‌విక్ రంగును నమ్మక జననేంద్రియములను పరీక్షించెను. మగ పురుగులో పొడవుగా మెలికలు తిరిగి, ముండ్లు గల పొరగొట్టము ఈ గుంపునకు ప్రత్యేకమని చూపి, వీటిని హీలియోథిస్ ప్రజాతి నుండి విడదీసి హెలికోవెర్పా అను కొత్త ప్రజాతిలో చేర్చెను. 'హెలికో' అను మాటలో ఉన్నది ఆ మెలికయే.

జాతి నామము మాత్రము మారలేదు. ఆర్మిజెరా అని పేరు పెట్టిన హ్యూబ్నర్ పేరును కుండలీకరణములలో వ్రాయుట, ఆయన దీనిని వేరొక ప్రజాతిలో ఉంచెనని తెలుపుటకే. ఈ గుర్తును అచ్చువారి అలంకారమనుకొని వదలివేయు పాఠ్యగ్రంథములు ఉన్నవి. పేరు యొక్క చరిత్ర అంతయు అందులోనే ఉన్నదని వారు గమనింపరు.

హార్డ్‌విక్ చూపిన ఆధారము గట్టిది. కాని చేలో నిలబడిన వ్యవసాయాధికారికి అది కనబడదు. విచ్ఛేదనము, సూక్ష్మదర్శిని కావలెను. అందుచేతనే కాబోలు, కొత్త పేరు నెమ్మదిగా వ్యాపించినది. 1981 నవంబరులో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఈ పురుగుల నివారణపై జరిగిన అంతర్జాతీయ గోష్ఠికి సైతము హీలియోథిస్ పేరే పెట్టిరి. ఆ గోష్ఠిలో పేర్ల చిక్కుపైననే ఒక పత్రము కలదు.

ప్రజాతి పేరు మారినందువలన కలుగు నష్టము కొంతయే. 1987లో ఆంధ్రప్రదేశ్ పత్తి చేలలో సింథెటిక్ పైరిత్రాయిడ్ మందులకు ఈ పురుగు లొంగకపోయిన సంగతి తెలిసికొనగోరువాడు రెండు పేర్లతోను వెదకిన చాలును. అసలు ప్రమాదము రెండవ మాటలో, ఆర్మిజెరాలో ఉన్నది. 1955లో ఇ. ఎల్. టాడ్ వేరుచేసి చూపువరకు అమెరికాలో అనేకులు తమ మొక్కజొన్న కంకి పురుగును కూడ ఆర్మిజెరా అనియే వ్రాసిరి. అది నిజమునకు జియా అను వేరు జాతి. కనుక అంతకు పూర్వపు అమెరికా పత్రములలో ఆర్మిజెరా గుడ్ల లెక్క, ప్యూపా దశ దినములు చూచి మన పురుగునకు అన్వయించుట పొరపాటు. అక్కడ పేరు ఒకటే, పురుగు వేరు! కొత్త పేరును అచ్చువేసి ఊరకుండు పాఠ్యగ్రంథము ఈ సంగతిని చెప్పదు.

ఇది పాత కాలపు తగవు కాదు. 2013లో బ్రెజిల్ చేలలో ఆర్మిజెరా ఉన్నట్లు వెల్లడియైనది. జియా అక్కడ ఎప్పటినుండియో ఉన్న పురుగు. చూపునకు రెండును ఒకటే. జననేంద్రియములను, డి.ఎన్.ఏ.ను పరీక్షించిన మీదట గాని కొత్త అతిథి ఎవరో తేలలేదు.