చుట్టలో చిత్రశాల: తెలంగాణ పటం కథల్లో ప్రదర్శన, పాఠం

క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక పగలంతా ఓరుగల్లు వీథుల్లో తిరుగుతారు. ఈ వీథి రూపకాన్ని రాసింది వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న చర్చ తెలుగు సాహిత్య చరిత్రలో చాలా చోటు ఆక్రమించింది. ఆ మిత్రులిద్దరూ దారిలో చూసిన బొమ్మల మీద అంత చర్చ జరగలేదు. ఆ బొమ్మలు రెండు చోట్ల కనిపిస్తాయి. ఒకచోట గచ్చు చేసిన గద్దెపలక మీద పల్నాటి వీరుల చరిత్ర రాసి ఉంటుంది. మంచనశర్మ దాన్ని సెట్టికి చూపుతాడు. ఆ వెంటనే ఒక స్త్రీ ఆ వీరుల కథను తాళగతితో పాడడం వినిపిస్తుంది. మరొకచోట ప్రతాపరుద్రుని ప్రియురాలు మాచలదేవి కొత్త చిత్రశాలలో ప్రవేశించే సందర్భం. ఆ శాలలో దేవతల, మునుల ప్రణయ ఘట్టాలు చిత్రితమై ఉన్నాయి. వాటిని పాడి వినిపించేవారు లేరు. చూడవచ్చిన రసికులే పోల్చుకొని మెచ్చుకోవాలి.

ఒకే నగరంలో, ఒకే రోజున ఎదురైన ఈ రెండు ప్రదర్శనల మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. మొదటిది దారిన పోయేవారందరిదీ, రెండవది పిలుపు అందినవారిది. మొదటిదానిలో బొమ్మకు నోరుంది, రెండవదానిలో బొమ్మ మౌనంగా ఉంటుంది. నేటి చిత్రశాలలు కట్టడం రీత్యా మాచలదేవి శాలకు వారసులు. తెలంగాణ పటం కథ మాత్రం ఆ గద్దెపలక సంప్రదాయానికి దగ్గరిది. కొన్ని దశాబ్దాలుగా పటం చిత్రశాల గోడకెక్కుతోంది. ఒక ప్రాంత ప్రజల కళను వంతులవారీగా చూపే మారుడు ప్రదర్శనల్లో అది తప్పనిసరి అంశమైపోయింది. వీథిలోని బొమ్మ శాలలోకి వచ్చినప్పుడు దాని పాఠానికి ఏమవుతోందన్నది కళావిమర్శకులు మాత్రమే తేల్చవలసిన ప్రశ్న కాదు. అది ప్రధానంగా సాహిత్య పరిశోధకుల ప్రశ్న.

పటం నిర్మాణాన్ని ముందుగా చూడాలి. నూలుబట్టకు చింతగింజల గంజి, సుద్ద, జిగురు కలిపిన పూత పట్టించి, ఆరిన తరువాత నకాశీ చిత్రకారులు దాని మీద బొమ్మలు రాస్తారు. నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల ఈ పనికి పేరుపొందింది. పటం వెడల్పు సుమారు మూడడుగులు. నిడివి ముప్పై అడుగులు దాటడం సాధారణం. పై నుంచి కిందికి అడ్డపట్టీలుగా కథాఘట్టాలు సాగుతాయి. నేల ఎరుపు, పట్టీకి పట్టీకి నడుమ పూలతీగల అంచు. ఆరంభంలో గణపతి. ఒక కులం పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పురాణం ఈ పట్టీల్లో సర్దుకొని ఉంటుంది. దాన్ని రాసేది నకాశీ, చెప్పేది ఆ కులానికి ఆశ్రితులైన కథకులు, వినేది ఆ కులం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు డక్కలివారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు కాకిపడగలవారు. రచన, కథనం, శ్రవణం మూడు వేర్వేరు సమూహాల చేతుల్లో ఉన్న సాహిత్య ప్రక్రియ ఇది. ఏ ఒక్కరినీ దీనికి కర్త అనడానికి వీల్లేదు.

ప్రదర్శనలో పటం మొత్తం ఒక్కసారిగా కనబడదన్నది ఇక్కడ అసలు విషయం. కర్రల ఆసరాతో నిలిపిన పటాన్ని కథ సాగినకొద్దీ విప్పుతారు. అయిపోయిన భాగాన్ని చుడతారు. కథకుడు చేతికర్రతో ఒక్కో బొమ్మను తాకుతూ వచనం చెబుతాడు, పాట అందుకుంటాడు. హార్మోనియం, మద్దెల, తాళాలు వంత పలుకుతాయి. భావనారుషి యజ్ఞకుండం నుంచి పుట్టే పట్టీ కళ్ళముందు ఉన్నప్పుడు, తామరతూడు నారతో అతడు దేవతలకు వస్త్రం నేసే ఘట్టం ఇంకా చుట్టలోనే ఉంటుంది. సూర్యుని కూతురు భద్రావతితో పెళ్ళి అంతకంటే లోపల ఉంటుంది. చూసేవారికి కథ తెలియక కాదు. ఏటికేడాది కాకున్నా తాతల నాటినుంచి విన్న కథే. తెలిసిన కథ కోసం తెలియనట్టు ఎదురుచూడడం శ్రవ్యకావ్యాలన్నింటిలోనూ ఉన్నదే. ఇక్కడ ఆ ఎదురుచూపుకు వస్తురూపం కూడా ఉంది. అది చుట్టలో మిగిలిన బట్ట లావు. నేత పుట్టుక కథను నేసిన బట్ట మీదే చూస్తున్నామన్న సంగతి పద్మశాలీ ప్రేక్షకులకు ఎవరూ విప్పిచెప్పనక్కరలేదు.

చిత్రశాలలో మారేది ప్రదర్శన. చోటు కదలదు, బొమ్మలు వంతులవారీగా వస్తూ పోతూ ఉంటాయి. రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాల వంటివి ఒక చిత్రకారుని స్మృతికి నిలయాలు గనుక ఆ లెక్కలోకి రావు. స్థానిక కళాకారులకు అవకాశం కల్పించే శాలలన్నీ వంతుల మీదే నడుస్తాయి. పటం కథలో ఈ క్రమం తలకిందులవుతుంది. బొమ్మలు మారవు, ఊళ్ళు మారతాయి. కథకుల కుటుంబాలకు ఫలానా ఊళ్ళ మీద మిరాశీ హక్కు ఉంటుంది. ఆ ఊళ్ళను వంతు ప్రకారం తిరిగి, కథ చెప్పి, తమకు రావలసిన త్యాగం పుచ్చుకుంటారు. త్యాగం యాచన కాదు, హక్కు. ఆశ్రిత కులాల వాఙ్మయం మీద జరిగిన పరిశోధనలు, ప్రత్యేకించి పులికొండ సుబ్బాచారి కృషి, ఈ సంబంధాన్ని కులవ్యవస్థలోని ఇచ్చిపుచ్చుకోళ్ళ నేపథ్యంలో వివరించాయి. కళా ప్రదర్శన దృష్టితో చూస్తే ఇదే మిరాశీ ఒక ప్రదర్శన పట్టిక కూడా. ఎక్కడ, ఎవరి ముందు, ఎన్నాళ్ళకొకసారి పటం విప్పాలో అది నిర్ణయిస్తుంది. హక్కులేని ఊరిలో విప్పడానికి లేదు.

చిత్రశాలల్లో బట్ట, కాగితం మీది బొమ్మలను మార్చి మార్చి చూపడానికి మరో కారణం వెలుతురు. సుకుమారమైన రంగులను 50 లక్స్‌కు మించని వెలుగులో, అదీ పరిమిత కాలమే ఉంచి, ఆ పైన చీకటి గదిలో విశ్రాంతినివ్వడం సంగ్రహాలయాలు పాటించే పద్ధతి. పటం ఆ జాగ్రత్తను తన నిర్మాణంలోనే పెట్టుకొని పుట్టింది. విప్పిన పట్టీ తప్ప తక్కినదంతా ఎప్పుడూ చీకట్లోనే ఉంటుంది. ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణమే దాని విశ్రాంతి. అయినా బట్ట నలుగుతుంది, పూత రాలుతుంది. అప్పుడు కొత్త పటం రాయించుకొని పాతదాన్ని నదిలో విడిచిపెట్టే ఆచారం ఉంది. అంటే మారుడు ప్రదర్శన అన్నమాట పటం కథకు మరో అర్థంలోనూ వర్తిస్తుంది. తరం మారినప్పుడు బట్టే మారుతుంది, కథ నిలుస్తుంది. సంగ్రహాలయం బట్టను నిలుపుతుంది, కథ బయటే ఆగిపోతుంది.

గోడకెక్కిన పటానికి సాధారణంగా రెండే గతులు. పొట్టిదైతే మొత్తం పరిచి చూపుతారు. పొడవైనదైతే ఒకటి రెండు పట్టీలు కనబడేలా తెరిచి, మిగిలినది చుట్టి ఉంచుతారు. మొదటి పద్ధతిలో కాలక్రమం పోయి అన్ని ఘట్టాలూ ఒక్క చూపుకు దొరుకుతాయి. చూపరి కన్ను రంగుల వెంట పోతుందే గాని కథ వెంట పోదు. రెండవ పద్ధతిలో నెలల తరబడి ఒకే ఘట్టం నిలిచిపోతుంది. ఎన్నిక చేసిన ఆ పట్టీ తరచుగా యుద్ధమో పెళ్ళో అవుతుంది, అవి కంటికి నిండుగా ఉంటాయి గనుక. ఒక కావ్యంలోని ఒక్క వర్ణన పద్యాన్ని మాత్రమే అచ్చువేసి కావ్యం చూపామనడం వంటిదిది. తెలుగు పాఠ్యపుస్తకాలకు ఈ అలవాటు కొత్త కాదు గనుక సాహిత్య విద్యార్థులకు ఇది వింతగా తోచకపోవచ్చు.

అయితే ఈ విషయంలో చిత్రశాలలనే తప్పుపట్టడం న్యాయం కాదు. సాహిత్య పరిశోధన చేసిన పని దీనికి సరిగ్గా మరో సగం. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యానికి విశ్వవిద్యాలయ పరిశోధనలో స్థానం సంపాదించిన తరువాత కులపురాణాల సేకరణ విస్తరించింది. కథకుల నోటినుంచి రికార్డు చేసి, రాసుకొని, సిద్ధాంత వ్యాసాలకు అనుబంధాలుగా చేర్చారు. ఆ అనుబంధాలు చాలావరకు బొమ్మలు లేని అక్షరాలే. పటం ముందు నిలబడి చెప్పే కథకుని వచనం ‘ఇదిగో’, ‘ఇక్కడ చూడండి’, ‘ఈయన’, ‘ఆ పక్కనున్నది’ వంటి నిర్దేశక పదాల మీద ఆధారపడి నడుస్తుంది. అచ్చుపాఠంలో వాటిని ఊతపదాలనుకొని తొలగిస్తే కథ నున్నగా తయారవుతుంది, ప్రక్రియ మాయమవుతుంది. అలాగే ఉంచితే ‘ఈయన’ ఎవరో పాఠకునికి తెలియదు. ఆ సర్వనామానికి అర్థం వాక్యంలో లేదు, బట్ట మీద ఉంది. కథకుడు వర్ణన తగ్గించిన చోట అతని కల్పనాశక్తి కొరవడిందని తీర్పు చెప్పడం కూడా ఈ పొరపాటు ఫలితమే. నగలు, వాహనం, ఒంటిరంగు నకాశీ అప్పటికే చెప్పేశాడు గనుక కథకుడు చెప్పలేదు. కీర్తన తంగవేలు వంటి కొద్దిమంది పరిశోధకులు బొమ్మనూ కథనాన్నీ కలిపి చదివారు. తెలుగు శాఖల పరిశోధనలో ఆ దారి ఇంకా పలచనే. పూర్వభాషలో ‘వ్రాయు’ అన్న క్రియ అక్షరానికీ బొమ్మకూ సమానంగా చెల్లింది. విద్యాశాఖలుగా విడిపోయిన తరువాతే అది రెండుగా చీలింది.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాలు తేలికపాటివి కావు. ఆచారాన్ని యథాతథంగా సాగనిస్తే పాత పటాలు నదిపాలయ్యేవి. హైదరాబాదులో 1976లో ఏర్పడిన జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా సంగ్రహాలయం వంటి చోట్ల అవి భద్రంగా ఉండబట్టే ఈ చిత్రకళ శైలీ పరిణామాన్ని శతాబ్దాల వెనక్కి వెళ్ళి పరిశీలించడం సాధ్యమవుతోంది. అంతకంటే బరువైన అభ్యంతరం సామాజికమైనది. మిరాశీ వ్యవస్థను ప్రదర్శన పట్టికగా మెచ్చుకోవడం తేలిక. కానీ అది కులాల అంతరువుల మీద నిలిచిన వ్యవస్థ. డక్కలి కథకుడు ఆశ్రితునిగా తప్ప మరోరకంగా పటం విప్పడానికి అందులో చోటు లేదు. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవంతుని ఆదిపురుషునిగా నిలిపి, కులాల మెట్లను ప్రశ్నించే జాంబపురాణాన్ని వినవలసినవారు మాదిగవాడకు వెలుపలే ఎక్కువమంది ఉన్నారు. వారు ఆ వాడకు వచ్చి కూర్చోలేదు. చిత్రశాలలో ఎవరైనా ఎవరి పక్కనైనా నిలబడవచ్చు. ఆ మేరకు శాల వీథి కంటే విశాలం. పటం ఊళ్ళోనే ఉండాలన్న పరిశుద్ధతావాదం దీన్ని గమనించదు.

కనుక పటం శాలలోకి రావడం సమస్య కాదు. నోరు బయట వదిలి రావడమే సమస్య. చేర్యాల పని ఈనాడు ఎలా మారిందో చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. రాయించుకునే కథకులు తగ్గిపోవడంతో చిత్రకారులు చిన్న చట్రాల్లో ఇమిడే బొమ్మల వైపు, మాస్కుల వైపు మళ్ళారు. కల్లుగీత, దంపుళ్ళు, బతుకమ్మ వంటి పల్లె దృశ్యాలు కులపురాణాల స్థానాన్ని తీసుకున్నాయి. భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. కుటుంబాలు నిలబడ్డాయి. దీన్ని పతనం అనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఈ చిన్న బొమ్మలకు కథకుడు అవసరం లేదు. అవి ఒక్క చూపుకు పూర్తవుతాయి. ‘పటం కట్టించడం’ అంటే ఈనాటి వాడుకలో గాజు వేసి చట్రం బిగించడం, ముఖ్యంగా పోయినవారి ఫొటోకు. మాట మారిన తీరు నకాశీ పని మారిన తీరుకు దూరంగా లేదు.

మారుడు ప్రదర్శన అనే పద్ధతిలోనే దీనికి కొంత జవాబు దొరుకుతుంది. పొడవైన పటాన్ని ఒక్క పట్టీ దగ్గర నిలిపివేయకుండా, ప్రదర్శన కాలమంతా వారానికి కొన్ని పట్టీల చొప్పున కథాక్రమంలో జరుపుతూ పోవచ్చు. వెలుతురు నియమం కూడా దీనివల్ల చెడదు, మేలే జరుగుతుంది. అయితే ప్రతి మార్పిడీ కథనంతోనే జరగాలి. విప్పేది ఉద్యోగి కాకుండా కథకుడు కావాలి. అతనికి ఇచ్చేది బహుమానంగా కాక రుసుముగా, ముందే ఒప్పుకున్న లెక్కగా ఉండాలి. పాత బట్ట చినుగుతుందన్న భయం ఉంటే కొత్త పటం రాయించవచ్చు. సంప్రదాయం చేసినదీ అదే. తెలుగు శాఖలు సేకరించిన పాఠాలను పట్టీలవారీగా విభజించి, ఏ వాక్యం దగ్గర ఏ బొమ్మ తాకారో గుర్తించి ముద్రిస్తే ప్రదర్శనకు వచ్చినవారి చేతిలో అది గ్రంథమూ అవుతుంది, దారిచూపూ అవుతుంది. ఇప్పటికే రికార్డయి ఉన్న కథనాల్లో చాలావాటికి దృశ్యం లేదు, శబ్దమే ఉంది. వాటిని మళ్ళీ పటం ముందుకు తీసుకుపోయి కథకుల చేతనే గుర్తింపజేయాలి. ఆ కథకుల్లో పెద్దవారు ఉండగానే ఆ పని మొదలుకావాలి.

గోడ మీది వివరణ పత్రం సంగతి మిగిలింది. అందులో ఊరు, కాలం, కొలత, రంగుల స్వభావం ఉంటాయి. ఈమధ్య చిత్రకారుని పేరు కూడా చేరుతోంది. కూనపులి అనో డక్కలి అనో కథకుల కులనామం కనిపించినా, ఆ పటాన్ని ఊరూరా మోసి చెప్పిన మనిషి పేరు కనిపించడం అరుదు. సిద్ధాంత వ్యాసాల అనుబంధాల్లో ఆ పేరు వయసుతో సహా ‘వక్త’ అన్న శీర్షిక కింద ఉంటుంది. ఒకచోట పేరుండి బొమ్మ లేదు, మరొకచోట బొమ్మ ఉండి పేరు లేదు. ఈ రెండు కాగితాలూ ఒకే నగరంలో, కొద్ది మైళ్ళ దూరంలో ఉన్నాయి.