‘స్వాంప్ థింగ్’ కథలో శాస్త్రమెంత?

ఈమధ్య మా కళాశాలలో ఇద్దరు విద్యార్థులు ఒక బొమ్మల కథ గురించి చాలాసేపు వాదించుకున్నారు. ఒకతను భౌతికశాస్త్రం చదువుతున్నాడు, ఇంకొకామె తెలుగు ఎం.ఏ. కథ అమెరికా దేశపుది. పేరు ‘స్వాంప్ థింగ్’. లూసియానా చిత్తడినేలల్లో తిరిగే పచ్చటి మనిషి అందులో నాయకుడు. ఒళ్ళంతా నాచూ, వేళ్ళూ, తీగెలూ. చెట్టూ చేమా అతని మాట వింటాయి. ఒకచోట చచ్చినా ఇంకోచోట మొలకెత్తి లేస్తాడు. ఇది జరిగే పనేనా అని అతను లెక్క వేసి మరీ అడిగాడు. కథకి లెక్కలేమిటని ఆమె అన్నది. నన్ను తీర్పు చెప్పమన్నారు. అప్పుడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు గనక ఇది రాస్తున్నాను.

కథ తెలియనివాళ్ళ కోసం కొంత చెప్పాలి. ఈ పాత్రను 1971లో లెన్ వీన్ రాయగా బెర్నీ రైట్‌సన్ బొమ్మల్లో చూపించాడు. 1972 నుంచి దానికి సొంత పత్రికే వచ్చింది. అందులో అలెక్ హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు, ఎడారిలో కూడా పంట పండించగల ద్రవం ఒకటి తయారు చేస్తుంటాడు. దుండగులు అతని ప్రయోగశాలను పేల్చేస్తారు. ఒళ్ళు మండుతూ, ఆ ద్రవంలో తడిసి, అతను బురదలోకి దూకుతాడు. ఆ బురదలోంచి మొక్కగా మారిన మనిషి లేస్తాడు. తిరిగి మామూలు మనిషి కావటమే ఇక అతని ఆశ. ఇంతవరకూ ఇది మన శాపగ్రస్తుల కథల వంటిదే. కాలం తీరితే శాపం పోతుందని పాఠకుడు ఎదురుచూస్తూ ఉంటాడు.

1984లో ఆలన్ మూర్ అనే ఇంగ్లీషు రచయిత వచ్చి ఆ ఆశను తుంచేశాడు. (బొమ్మలు స్టీఫెన్ బిసెట్, జాన్ టోటిల్‌బెన్‌లవి.) ఇరవయ్యొకటో సంచికలో సండర్లాండ్ అనే జనరల్, పెద్ద కంపెనీ యజమాని, ఈ పచ్చమనిషి శవాన్ని మంచులో పెట్టించి, వుడ్రూ అనే వృక్షశాస్త్రజ్ఞుడి చేత కోయిస్తాడు. లోపల ఊపిరితిత్తుల ఆకారాలున్నాయి, అవి ఊపిరి పీల్చలేవు. మెదడు ఆకారం ఉంది, అది ఆలోచించలేదు. వుడ్రూ తేల్చిందేమిటంటే: హాలండ్ ఆనాడే చచ్చిపోయాడు. అతని దేహాన్ని తిన్న మొక్కలకు అతని స్పృహ అబ్బింది. అవి తామే హాలండ్ అనుకుని, అలవాటు కొద్దీ మనిషి ఆకారం కట్టుకున్నాయి. ఇంత పెద్ద సంగతి కనిపెట్టినవాణ్ణి, పని అయిపోయింది గనక, జనరల్ వెళ్ళిపొమ్మంటాడు. వుడ్రూ మంచు కరిగించి, తలుపులు బిగించి, ఆ ఇద్దరినీ ఒకే కప్పు కింద వదిలేస్తాడు. యజమాని సంగతి ఏమైందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. మొక్క తన శక్తిని ఎండ నుంచి తెచ్చుకుంటుంది. మంచి ఎండ కాసే ప్రాంతంలో చదరపు మీటరు నేలకు రోజుకు సుమారు 5 యూనిట్ల సౌరశక్తి అందుతుంది. అందులో మొక్క 2 శాతం వాడుకున్నదంటే అది బాగా చురుకైన మొక్కేనన్నమాట. అంటే యూనిట్‌లో పదోవంతు. ఆహారం లెక్కలో చెబితే సుమారు 86 కేలరీలు, పాతిక గ్రాముల బియ్యం. ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి రోజుకు రెండువేల పైన కావాలి. కాబట్టి పచ్చమనిషి రోజల్లా ఎండలో నిలబడ్డా, పొద్దుగూకాక నాలుగడుగులు నడవటం కూడా కష్టం. చెట్లు నడవకపోవటానికి కారణం సోమరితనం కాదు. ఇక్కడ భౌతికశాస్త్రంవాడు నెగ్గినట్టే.

కాని అతను అడగని ప్రశ్న ఒకటుంది. తిన్నవాడికి తినబడ్డవాడి జ్ఞాపకం వస్తుందనే మాట మూర్‌కు ఎక్కడ దొరికింది? ఇది అతని సొంత ఊహ కాదు. వుడ్రూ చేత అతను ప్లనేరియా పురుగుల ప్రయోగాన్ని చెప్పిస్తాడు. ఆ ప్రయోగం నిజంగా జరిగింది. మిచిగన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెక్‌కానెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ చదునైన చిన్న పురుగులకు వెలుగు చూపి, వెంటనే విద్యుత్తు తగిలించి, వెలుగు పడగానే ముడుచుకునేటట్టు తర్ఫీదు ఇచ్చానన్నాడు. ఆ పురుగులను ముక్కలు చేసి, తర్ఫీదు లేని పురుగులకు మేపితే, వాటికి కూడా ఆ విద్య తొందరగా వచ్చిందని 1962లో ప్రకటించాడు. పత్రికలు ఎగిరి గంతేశాయి. తీరా ఇతరులు చేసి చూస్తే ఫలితం నిలకడగా రాలేదు. పురుగులకు తర్ఫీదు ఇవ్వటమే నమ్మకంగా సాధ్యం కావటం లేదని 1964లో బెనెట్, కాల్విన్ అనే ఇద్దరు చెప్పారు. ఈ మెల్విన్ కాల్విన్ ఎవరనుకున్నారు? మొక్కలు బొగ్గుపులుసు గాలిని చక్కెరగా మార్చే దారిని కనిపెట్టి 1961లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. పచ్చమనిషి ఆకులు ఎలా పనిచేయాలో చెప్పినవాడే, పచ్చమనిషి జ్ఞాపకం ఎందుకు కుదరదో కూడా చెప్పాడన్నమాట. 2013లో షోమ్రాట్, లెవిన్ అనేవారు తల తెగి కొత్త తల మొలిచిన ప్లనేరియాకు పాత శిక్షణ జాడ కొంత మిగిలిందని చూపించారు. అయితే అది ఒకే పురుగు సంగతి. తిన్నవాడికీ తినబడ్డవాడికీ అది వర్తించదు.

అబద్ధమైన శాస్త్రం మీద కథ కట్టినందుకు మూర్‌ను నేను నిందించను. మెక్‌కానెల్ మాటను జనం అంత ఆత్రంగా ఎందుకు నమ్మారన్నదే నాకు ముఖ్యం. అది నిజమైతే బాగుండునని వాళ్ళకు ఉండటం వల్ల నమ్మారు. ఈ విషయంలో మనం నవ్వటానికి లేదు. సంపాదించిన లక్షణాలు సంతానానికి సంక్రమిస్తాయని లైసెంకో అంటే, అది విప్లవానికి అనుకూలమైన జీవశాస్త్రమని మనవాళ్ళు ప్రపంచమంతటా తలలూపారు. 1948 ఆగస్టులో మాస్కో వ్యవసాయ అకాడమీ సమావేశం దాన్ని అధికార సిద్ధాంతం చేసింది. అప్పటికి అయిదేళ్ళ ముందే, 1943లో, వవిలోవ్ సరతోవ్ జైల్లో చచ్చిపోయాడు. లోకంలోని పంటల విత్తనాలన్నీ సేకరించినవాడు! లెక్కలు వేయటం అల్పమైన పని అనే విద్యార్థులకు ఈ సంగతి గుర్తు చేయాలి. తక్కినవాళ్ళకంటే మనం లెక్కలకు ఎక్కువ బాకీ పడి ఉన్నాం.

రెండోవైపు కూడా చూడాలి. జగదీశ్ చంద్ర బోస్ మొక్కల్లో విద్యుత్ ప్రతిస్పందనలు కొలిచి చూపించాడు. అది గట్టి శాస్త్రం. దాన్ని పట్టుకుని, చెట్టుకు మనసుందని మన రుషులకు ముందే తెలుసుననే ఉపన్యాసాలు మనం వినలేదా? కొలత ఎక్కడ ఆగిందో, కోరిక ఎక్కడ మొదలైందో గమనించటం విమర్శకుడి పనిలో భాగమే.

ఇక ఆ తెలుగు విద్యార్థిని వాదానికి బలమిచ్చే భాగం ఇరవైనాలుగో సంచికలో ఉంది. వుడ్రూ మొక్కల పక్షాన మనుషులందరి మీదా యుద్ధం ప్రకటిస్తాడు. లాక్రాయ్ అనే చిన్న ఊళ్ళో మొక్కలు ఆమ్లజనిని పెంచి, మనుషుల్ని బతకనివ్వకుండా చేస్తుంటాయి. ఆకాశంలో కూచున్న మహావీరుల బృందానికి ఏం చేయాలో తోచదు. మహానగరాలకు కాపలా ఉంటున్నాం సరే, ఈ పల్లె సంగతి చూసేదెవరని వాళ్ళలో ఒకడే అంటాడు. (ఈ ఒక్క మాటకే ఆ సంచిక చదవవచ్చు.) పచ్చమనిషి వచ్చి పిడిగుద్దులతో ముగించడు, ప్రశ్న అడుగుతాడు. జంతువులూ మనుషులూ పోయాక ఆమ్లజనిని తిరిగి బొగ్గుపులుసు గాలిగా మార్చేదెవరు? ఆ ప్రశ్నకు జవాబు లేక వుడ్రూ కూలిపోతాడు.

ఇక్కడా లెక్క తప్పింది. గాలిలో బొగ్గుపులుసు గాలి పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళు మాత్రమే. ఒక పాలు తీసుకుంటే మొక్క ఒక పాలు ఆమ్లజని వదులుతుంది. గాలిలో ఉన్నదంతా ఒక్కరోజులో మింగేసినా ఆమ్లజని 21 శాతం నుంచి 21.04 అవుతుంది. దానివల్ల ఊళ్ళో ఎవరికీ ఏమీ కాదు. చచ్చేవి మొక్కలే, తిండి లేక. అంటే పచ్చమనిషి చెప్పినదానికంటే అతని వాదం ఇంకా బలమైనదన్నమాట! పరిమాణం తప్పు, సంబంధం ఒప్పు. పురుగుల కథ శాస్త్రంలా కనిపించే అబద్ధమైతే, ఇది కట్టుకథలా కనిపించే నిజం. మనిషికీ నేలకూ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవటాన్ని పెట్టుబడిదారీ వ్యవసాయం తెంచేస్తున్నదని మార్క్స్ 1867లోనే, లీబిగ్ రసాయనశాస్త్రం చదివి, రాశాడు. వుడ్రూకు తెలియనిది అదే. అతనికి కనిపించేది ‘మనిషి’ ఒక్కడే. తనను గెంటేసిన జనరలూ, లాక్రాయ్‌లో దినం గడుపుకునేవాళ్ళూ అతని లెక్కలో ఒకటే. ఈనాడు ప్రకృతి పేరుతో మాట్లాడే పెద్దమనుషుల్లో ఈ వుడ్రూలు చాలామంది ఉన్నారు.

దురదృష్టవశాత్తూ మూర్ అక్కడ నిలవలేదు. తర్వాతి సంచికల్లో పచ్చదనమంతా ఒకే శక్తి అవుతుంది. చెట్లకు సభ ఏర్పడుతుంది. నాయకుడు దేవుడవుతాడు. 1986లో తన ప్రియురాలిని బంధించారని ఒక మహానగరాన్నే అడవి చేసేస్తాడు. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి. కాని ఇరవైనాలుగో సంచికలో ప్రకృతి ఒక సంబంధం, ఇక్కడ ఒక వ్యక్తి ఇష్టాయిష్టం. అన్నట్టు, ఎడారిలో పంట పండించే ద్రవం ఏమైంది? కథ మొదలైంది దానితో. నాయకుడికి దేహాన్నిచ్చి అది వెనకబడిపోయింది.

ఈ మాట చెబితే తెలుగు విద్యార్థిని నాది వట్టి ఛాందసమన్నది. భౌతికశాస్త్రంవాడు మాత్రం తన లెక్క సవరించుకుని వచ్చాడు. పచ్చమనిషికి వీపు కూడా ఉంటుంది గనక రెండు చదరపు మీటర్లు తీసుకోవాలట. అప్పుడు యాభై గ్రాముల బియ్యం.