మారని ఆంజనేయులు

కొందరు నటులు పప్పులో పోపులాంటివాళ్ళు. పండగనాడు చేసిన పరమాన్నాన్ని అందరూ మెచ్చుకుంటారు గాని, ‘ఇవాళ పోపు ఎంత బాగా పడిందే!’ అని విస్తరి ముందునుంచి లేచి చెప్పినవాళ్ళని నేనైతే చూడలేదు. పోపు మరిచిపోతే మాత్రం మొదటి ముద్దకే పట్టేస్తారు. గుండు హనుమంతరావుగారు అలాంటి నటుడు.

గుండు అన్నది ఆయన ఇంటిపేరు. తలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. 1956లో విజయవాడలో పుట్టి, నాటకాల్లో నలిగి, జంధ్యాలగారి ‘అహ నా పెళ్ళంట!’ (1987) రోజులనుంచి దాదాపు నాలుగువందల సినిమాల్లో వేశారు. ‘రాజేంద్రుడు గజేంద్రుడు’, ‘యమలీల’ చూసినవాళ్ళకి ఆ గుండ్రటి మొహం గుర్తుండే ఉంటుంది. అయితే ఆ వేషాల్లో నాలుగింటి పేర్లు చెప్పమంటే ఎవరైనా తడుముకోవాల్సిందే. లోపం ఆయనలో లేదు. మన సినిమా హాస్యనటుడికి ఇచ్చేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఓ చెంపదెబ్బ తిని వెళ్ళిపోవాలి. మనిషిగా కనిపించే వ్యవధి ఏదీ?

ఆ వ్యవధి ఆయనకి టీవీ ఇచ్చింది. గుణ్ణం గంగరాజుగారి ‘అమృతం’ 2001 నవంబరులో జెమినీలో మొదలై 2007 నవంబరు దాకా, ఆదివారం ఆదివారం, మొత్తం 313 భాగాలు నడిచింది. మా పరవాడలో సింహాద్రి విద్యుత్ కేంద్రం లేస్తున్న రోజులవి. మిగతా ఆరు రోజులూ సీరియళ్ళలో కోడళ్ళతో కలిసి ఏడ్చిన ఆడవాళ్ళం ఆదివారం రాత్రి మాత్రం నవ్వుకునేవాళ్ళం. అప్పాజీ ఇంట్లో పక్కపక్క వాటాల్లో అద్దెకుంటూ, ‘అమృత విలాస్’ అనే హోటలు నడిపే ఇద్దరు స్నేహితుల కథ. చాలాసార్లు ఆలోచన అమృతరావుది, అనుమానం ఆంజనేయులిది, అనుభవించటం మాత్రం ఇద్దరూను!

ఇక్కడో విచిత్రం ఉంది. ఆ ఆరేళ్ళలో అమృతం వేషం ముగ్గురు వేశారు: ముందు శివాజీరాజా, తరవాత నరేష్, ఆ పైన హర్షవర్ధన్. సంజీవని పాత్రలోనూ మనుషులు మారారు. ఆంజనేయులు మాత్రం మారలేదు. కథానాయకుడు మారితే సీరియల్ మూలపడాలి గదా, మనమెలా ఒప్పుకున్నాం?

నాకు తోచింది చెబుతాను. కొత్తకోడలు అత్తారింట అడుగుపెట్టగానే అందరూ కొత్తే. ఇంట్లో పాతుకుపోయిన ఏ పెద్దత్తగారో ‘అమ్మాయీ, ఆ గరిటె ఇలా అందుకో’ అని ఎన్నాళ్ళనుంచో ఉన్నదాన్ని పిలిచినట్టు పిలిస్తే, ఆ క్షణాన్నే ఆ పిల్ల ఇంటిదైపోతుంది. ఆంజనేయులు చేసింది అదే. కొత్తగా వచ్చిన అమృతాన్ని ఆయన కొత్తగా చూడలేదు. పాత విసుగుతోనే, పాత చనువుతోనే, ‘మళ్ళీ ఏం తెచ్చిపెట్టావురా’ అన్న పాత భయంతోనే చూశాడు. స్నేహితుడే పోల్చుకున్నాక మనకెందుకు అభ్యంతరం?

ఆయన గొప్పతనం డైలాగులో కన్నా వినటంలో ఉంది. అవతలివాడు మాట్లాడుతుంటే తన జోకు కోసం కాచుక్కూచున్నట్టు ఉండడు. నిజంగా వింటాడు. ముందు నమ్ముతాడు, ఆనక అనుమానిస్తాడు, చివరికి హడలిపోతాడు. మూడూ ఆ కళ్ళలో వరసగా కనిపిస్తాయి. శివన్నారాయణగారి అప్పాజీ అద్దె మాటెత్తగానే ఆ మొహంలో కదిలే భయం హాస్యం కోసం అతికించుకున్నది కాదు. ఒకటో తారీఖున మన ఇళ్ళలో చూసే భయమే. అందుకే నవ్వొచ్చేది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గొంతు ఒక్కసారి పై స్థాయికి వెళ్ళిందంటే ఇక దిగేది కాదు. నూరో భాగంలోని అరుపు మూడువందలో భాగంలోనూ వినిపించింది. ఇక మన తరపు ఫిర్యాదు మరొకటి. సంజీవనికీ శాంతకీ రచయితలు ఇచ్చిన పని ఎక్కువగా మొగుళ్ళని నిలదీయటమే. భార్యకి భయపడే భర్త మన హాస్యంలో పాత సరుకు. అయితే ఆ భయంలో ఆయన భార్యమీద చులకన కలపలేదు. ఆ సంస్కారం అందరు హాస్యనటులకీ ఉండదు.

సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు మా పక్క అనకాపల్లిలో పెరిగినవారు గనక ఆయన పాటంటే మాకు మరికాస్త మమకారం. సీరియల్ పేరు ‘అమృతం’ అయినా, శాస్త్రిగారు రాసిన శీర్షికాగీతం ఓదార్చేది ఆంజనేయుల్ని. కష్టాన్ని మనసులో పెట్టుకునేది ఎవరో ఆ కవికి ముందే తెలుసు!

2018 ఫిబ్రవరి 19న హనుమంతరావుగారు వెళ్ళిపోయారు. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. హర్షవర్ధన్, అప్పాజీ, సర్వం, అందరూ ఉన్నారు. ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరాంగారు వేశారు. మంచి నటుడు, అంతకన్నా మంచి రచయిత. గోదావరి వెటకారం ఆయన సొత్తు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. శ్రీరాంగారి ఆంజనేయులు లోకాన్ని చూసి నవ్వగల తెలివైనవాడు. మన పాత ఆంజనేయులికి లోకాన్ని చూస్తే నవ్వురాదు, గుబులొస్తుంది. అమృతాలు ముగ్గురు మారినా నిలబడ్డ ఇల్లు, ఆంజనేయులు ఒక్కడు మారేసరికి కొత్త ఇల్లయిపోయింది.

ఆయన పోయినప్పుడు ‘హాస్యనటుడు’ అని ఒక్క మాటలో రాసేశారు. అంతకన్నా పెద్ద మాటే బాకీ ఉన్నాం. ఆ భాగాలు ఇప్పుడు యూట్యూబులో ఉన్నాయి. ఈ ఆదివారం ఒకటి పెట్టుకోండి. అమృతం మాట్లాడుతున్నంతసేపూ అమృతాన్ని చూడకండి, పక్కన నిలబడి వింటున్నాయన్ని చూడండి.