ఉత్తరుని భయం – భయనివారణ క్రమం: విరాటపర్వం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కోతలు కోసి, తీరా ఆపద ఎదురైనప్పుడు వెన్నుచూపేవాడిని 'ఉత్తరకుమారుడు' అనడం తెలుగునాట స్థిరపడిన వాడుక. ఈ వాడుకకు మూలమైన ఉత్తరగోగ్రహణ ఘట్టాన్ని చివరిదాకా చదివితే, అది ఒక పిరికివాడి కథగా కాక ఒక భయం మెట్టుమెట్టుగా తగ్గిన కథగా కనిపిస్తుంది. వ్యాసభారతం, తిక్కన విరాటపర్వం, నాట్యశాస్త్రంలోని భయవిచారం, భయాల చికిత్సకు సంబంధించిన ఆధునిక అవగాహన – వీటి వెలుగులో ఆ మెట్లను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విరాటపర్వం, ఉత్తరుడు, బృహన్నల, భయం, త్రాసం, ఫోబియా, అర్జునుని పది పేర్లు.

1. ఉపోద్ఘాతం

ఉరుము వినబడగానే అర్జునుని పేర్లు తలచుకోవడం, పిల్లల చేత అనిపించడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటు. అర్థం తెలియకపోయినా ఫల్గుణుడు, కిరీటి, సవ్యసాచి అనే మాటలు చాలామందికి మొదట పరిచయమయ్యేది పుస్తకంలో కాదు, ఉరుముల రాత్రి పెద్దల పక్కన పడుకున్నప్పుడు. ఈ పేర్లు మొదట ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో చెప్పారని వెతికితే దారి విరాటపర్వానికి చేరుతుంది. కౌరవసేనను చూసి వణికిపోయిన ఉత్తరునికి శమీవృక్షం దగ్గర అర్జునుడు స్వయంగా చెప్పిన పేర్లివి. అంటే, పిల్లల భయానికి మందుగా వాడుతున్న మాట ఒక కుర్రవాడి భయానికి మందుగానే పుట్టింది. మందును భద్రంగా దాచుకొన్న సమాజం, దానిని మొదట పుచ్చుకొన్న కుర్రవాడిని మాత్రం వెక్కిరింతకు గుర్తుగా మిగుల్చుకొంది. (వానలు కురవాలని విరాటపర్వాన్ని పారాయణ చేయించే ఆచారమూ తెలుగునాట ఉంది. వానను కోరి చదివే పర్వంలోనే ఆ వానతో వచ్చే ఉరుముకు విరుగుడు కూడా ఉండటం ఒక చమత్కారం.)

బల్లి, చీకటి, సూది, ఎత్తైన మెట్లు, నలుగురి ముందు మాట్లాడటం – నిత్యజీవితంలో మనుషులు భయపడే విషయాలకు అంతులేదు. వాటిని పైకి చెప్పుకొంటే నవ్వుతారన్న జంకు మరో భయం. ఆ నవ్వుకు ఆధారంగా నిలిచిన సాహిత్యపాత్రలలో ఉత్తరుడు ముఖ్యుడు కనుక, ఆ పాత్ర విషయంలో కావ్యం నిజంగా ఏం చెప్పిందో తేల్చుకోవలసి ఉంది.

2. భయం ఎవరిది?

భరతుడు భయాన్ని భయానకరసానికి స్థాయిభావంగా చెప్పాడు. అయితే అది స్త్రీలకు, నీచప్రకృతి గలవారికి సహజమన్నాడు. ఉత్తమపాత్రలలో కనిపించే భయం చాలావరకు నటన అనీ, గురువు ఎదుట, రాజు ఎదుట వినయసూచకంగా చూపేదనీ అలంకారశాస్త్ర ధోరణి. భయానకాన్ని వ్యాజం వల్ల, అపరాధం వల్ల, బెదిరింపు వల్ల కలిగేదిగా మూడు విధాలుగా విభజించడంలోనూ ఈ దృష్టి కనిపిస్తుంది. వీరుడికి నిజమైన భయం ఉండవచ్చునన్న ఊహకు ఈ చట్రంలో చోటు తక్కువ.

అదే శాస్త్రం త్రాసాన్ని భయం నుంచి వేరుచేసి సంచారిభావాలలో చేర్చింది. మెరుపు, ఉల్కాపాతం, పిడుగు, మేఘగర్జన, క్రూరమృగాల అరుపు త్రాసానికి కారణాలు. ఆలోచనకు వ్యవధి లేకుండా ఒళ్లు ఉలిక్కిపడటం త్రాసం. ఆపదను ఊహించుకొని మనసు కుంగిపోవడం భయం. ఉత్తరుని కథలో ఈ రెండూ ఉన్నాయి. వాటికి జరిగిన చికిత్సలూ వేర్వేరు. ఈ భేదాన్ని గమనించకపోతే ఘట్టమంతా ఒకే పిరికితనంగా, ఒకే హాస్యంగా కనిపిస్తుంది.

3. హేళన పనిచేయని చోటు

అంతఃపురంలో స్త్రీల మధ్య ఉత్తరుడు పలికిన ప్రగల్భాలు అందరికీ తెలిసినవే. సరైన సారథి ఉంటే అర్జునుడే వచ్చాడని కౌరవులు అనుకొనేలా పోరాడతానన్నాడు. సైన్యం కంటపడగానే మాట మారింది. ఇక్కడ అతడు చెప్పే కారణాలను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. తండ్రి సేననంతా వెంటబెట్టుకొని త్రిగర్తుల మీదికి వెళ్లాడు, నగరం శూన్యంగా ఉంది, తాను ఒంటరి, బాలుడు, అస్త్రాభ్యాసంలో శ్రమించనివాడు, అవతల ఆరితేరిన యోధులు అనేకులు – ఇది వ్యాసభారతంలో ఉత్తరుని వాదం. ఇందులో ఒక్క అబద్ధం లేదు. భీష్మ ద్రోణ కర్ణ కృపాశ్వత్థామలు ఒక్కచోట నిలిచిన సేన ముందు శిక్షణ చాలని కుర్రవాడు భయపడకపోతేనే ఆశ్చర్యపడాలి. తన ఒంటిమీద నిక్కబొడుచుకొన్న రోమాలను చూడమని అతడు సారథిని కోరతాడు. ఆ ఒక్క మాటతో అప్పటిదాకా మాటలపోగుగా ఉన్న పాత్రకు ఒక శరీరం వచ్చింది.

అర్జునుడు మొదట ప్రయోగించిన సాధనం సిగ్గు. అంతమంది ముందు గొప్పలు చెప్పుకొని పశువులు లేకుండా తిరిగివెళ్తే స్త్రీలూ పురుషులూ నవ్వుతారని హెచ్చరించాడు. దానికి ఉత్తరుని జవాబు – నవ్వితే నవ్వనీ, కౌరవులు ధనం ఎత్తుకుపోతే పోనీ. విల్లు విడిచి, రథం దూకి పరుగెత్తాడు. ఈ జవాబును పిరికితనానికి పరాకాష్ఠగా చదవడం సులభం. కానీ కథాగమనంలో దీని పని వేరు. హేళన భయాన్ని తగ్గించలేదనీ, హద్దుమీరిన భయం ముందు పరువు అనే పదానికి బరువు లేదనీ కవి ఇక్కడ ఖాయం చేస్తున్నాడు. ఉత్తరుడి పేరుతో హేళననే మందుగా వాడే లోకోక్తి, అతడి కథలోనే మొదట విఫలమైన మందును ఎంచుకొంది.

అర్జునుడు నూరడుగులు పరుగెత్తి అతడి జుట్టు పట్టుకొన్నాడు. బంగారు నాణేలు, వైడూర్యాలు, రథం, ఏనుగులు ఇస్తాను, వదిలిపెట్టమని ఉత్తరుడు బతిమాలాడు. ఈ బలప్రయోగాన్ని సమర్థించనక్కరలేదు. నేటి వైద్యుడెవరూ రోగిని జుట్టు పట్టి లాగడు. అయితే లాగిన తరువాత అర్జునుడు చేసిన పని గమనార్హం. యుద్ధం చేయమనలేదు. యుద్ధం తాను చేస్తాననీ, ఉత్తరుడు పగ్గాలు పడితే చాలుననీ అన్నాడు. పని పెద్దది కనుక భయం పెద్దదైంది. పనిని చేతికి అందేంత చిన్నది చేయడంతో పారిపోవడానికి, పోరాడటానికి నడుమ మూడో దారి తెరుచుకొంది.

ఆ చేయి ఎవరిదన్నది కూడా ఆలోచించదగిన విషయమే. పిరికివాడిని గాజులు తొడుక్కోమనడం తెలుగులో పాతబడని తిట్టు. ఇక్కడ గాజులు తొడుక్కొన్న చేయే పారిపోయేవాడిని ఆపింది. స్త్రీప్రకృతికి భయాన్ని అంటగట్టిన శాస్త్రదృష్టిని ఇతిహాసం వాదనతో కాదు, వేషంతో తలకిందులు చేసింది.

4. శమీవృక్షం కింద

రెండో భయం మొదటిదాని వంటిది కాదు. జమ్మిచెట్టు మీద శవం ఉందని లోకం నమ్మింది, నమ్మించింది పాండవులే. చెట్టెక్కి ఆయుధాలు దించమన్నప్పుడు, రాజపుత్రుడిని శవాన్ని ఎలా తాకుతానని ఉత్తరుడు వెనుకాడాడు. ఇది ఎదుట ఉన్న ఆపదను చూసి పుట్టిన భయం కాదు, విన్నదాన్ని బట్టి పుట్టిన జంకు. నేటి మాటలో ఫోబియా అంటే భయానికీ ఆపదకూ పొంతన లేకపోవడం, ఆ భయం వల్ల మనిషి ఆ వస్తువునో చోటునో అదే పనిగా తప్పించుకు తిరగడం. 2013లో వెలువడిన అమెరికన్ మానసికవైద్యుల రోగనిర్ణయ గ్రంథం ఐదో కూర్పు, ఇలాంటి భయం సాధారణంగా ఆరు నెలలు, అంతకుమించి నిలిచినప్పుడే దానిని ఫోబియాగా గుర్తించాలంటుంది. ఉత్తరునికి ఆ పేరు పెట్టడం తగదు. కానీ తప్పించుకు తిరగడం భయాన్ని ఎలా కాపాడుతుందో చెప్పడానికి జమ్మిచెట్టును మించిన ఉదాహరణ దొరకదు. దగ్గరికి ఎవరూ వెళ్లనంతకాలం అది శవమే.

అవి విల్లులే, శవం కాదని అర్జునుడు చెప్పాడు. అయినా ఉత్తరుడు చెట్టెక్కక తప్పలేదు. మూట విప్పినది అతడి చేతులే. విప్పగానే ధగధగలాడే విల్లులు పాములవలె కనిపించి మళ్లీ గగుర్పాటు కలిగింది. అప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి – ఈ విల్లు ఎవరిది, ఆ కత్తి ఎవరిది? భయపడుతున్నవాడు ప్రశ్న అడగడం మొదలుపెట్టిన క్షణం ఈ ఘట్టానికి మలుపు. పరుగెత్తేవాడికి ప్రశ్నలుండవు.

పది పేర్ల సన్నివేశం ఈ ప్రశ్నల పరంపరకు కొనసాగింపు. తానే అర్జునుడినని బృహన్నల చెబితే ఉత్తరుడు వెంటనే నమ్మలేదు. అర్జునుని పది పేర్లూ, అవి వచ్చిన కారణాలూ చెబితే నమ్ముతానన్నాడు. తెల్లని గుర్రాలు పూన్చిన రథం కనుక శ్వేతవాహనుడు, ఇంద్రుడిచ్చిన కిరీటం వల్ల కిరీటి, రెండు చేతులతోనూ గాండీవాన్ని లాగగలడు కనుక సవ్యసాచి, యుద్ధంలో జుగుప్సాకరమైన పని చేయడు కనుక బీభత్సుడు – ఇలా ప్రతి పేరుకూ ఒక నిదర్శనం ఉంది. ఉత్తరుడికి ధైర్యం ఇచ్చింది నామోచ్చారణ కాదు, నామనిర్వచనం. ఇళ్లలోకి వచ్చేసరికి నిర్వచనాలు రాలిపోయి పేర్లు మిగిలాయి. వ్యాసుని పట్టికలోని జిష్ణువు స్థానంలో వాడుకలో సాధారణంగా పార్థుడు వినిపిస్తాడు. ఈ మార్పును లోపంగా చూడనవసరం లేదు. ఉరుము త్రాసం, దానికి నిర్వచనాలు వినే తీరిక ఉండదు. ఊపిరిని ఒక లయకు కట్టిపడేసే పేర్ల వరుస, పక్కనున్న పెద్దల గొంతు అక్కడ చాలు.

5. రెండోసారి శంఖం

ధైర్యం వచ్చిందనుకొన్న ఉత్తరుడు మళ్లీ కూలబడ్డాడు. అర్జునుడు శంఖం పూరించగానే గుర్రాలు మోకాళ్ల మీద వాలాయి, ఉత్తరుడు రథంలో కూర్చుండిపోయాడు. భయం ఒకసారి పోతే మళ్లీ రాదన్న కట్టుకథను కవి చెప్పలేదు. ఈ పర్యాయం అర్జునుడు సిగ్గుపరచలేదు. పగ్గాలు తాను అందుకొని గుర్రాలను నిలబెట్టాడు, ఉత్తరుడిని కౌగిలించుకొని ఓదార్చాడు, నువ్వు ఎన్నో శంఖనాదాలు విన్నవాడివే కదా అని అడిగాడు. విన్నాను గాని ఇలాంటిది ఎన్నడూ వినలేదనీ, ధ్వజం దిక్కులను కప్పేసిందనీ, గాండీవపు మోతకు చెవులు పనిచేయడం లేదనీ ఉత్తరుడు బదులిచ్చాడు. అప్పుడు అర్జునుడు చెప్పిన మాటల సారం ఇది: పాదాలు గట్టిగా అదిమి నిలబడు, పగ్గాలు బిగించి పట్టుకో, మళ్లీ శంఖం పూరిస్తున్నాను.

భయపెట్టిన దాన్ని తప్పించలేదు. ముందుగా చెప్పి, శరీరానికి ఒక ఆనిక చూపించి, మళ్లీ అదే ధ్వనిని వినిపించాడు. దక్షిణాఫ్రికాకు చెందిన మానసికవైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో ప్రచురించిన గ్రంథంలో వివరించిన చికిత్సలో, భయహేతువులను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెట్టి, ఒంటిని సడలించడం నేర్పి, ఒక్కొక్కటిగా ఎదుర్కొనేట్లు చేస్తారు. విరాటపర్వంలో ఆ శాస్త్రం ముందే ఉందనడం అతిశయోక్తి. వోల్పే పద్ధతిలో సడలింపు కీలకం. ఇక్కడ ఉన్నది బిగింపు. ఇద్దరి పద్ధతుల్లోనూ ఉమ్మడిగా ఉన్నది భయం దగ్గరికి మళ్లీ తీసుకువెళ్లడం, ఒంటరిగా పంపకపోవడం.

యుద్ధరంగంలో అర్జునుడు కౌరవవీరులను ధ్వజచిహ్నాలను బట్టి ఉత్తరునికి గుర్తుపట్టించిన ఘట్టాన్ని తిక్కన తెలుగువారి నాలుకల మీద నిలిచేంత స్ఫుటంగా చిత్రించాడు. దీనిని వర్ణనాశిల్పానికి ఉదాహరణగా చూపడం పరిపాటి. భయం దృష్టితో చూస్తే దీని ప్రయోజనం మరొకటి. తొలిచూపులో అది సముద్రంవంటి ఒకే సేన. ఇప్పుడు బంగారువేదిక ద్రోణునిది, సింహపుతోక అశ్వత్థామది, తాటిచెట్టు భీష్మునిది, పాము దుర్యోధనునిది. గుంపు విడిపోయి మనుషులయ్యారు. పాఠశాలల్లో ఈ పద్యాన్ని కంఠస్థం చేయించేటప్పుడు, వింటున్నది భయపడిన కుర్రవాడన్న సంగతి కూడా చెబితే బాగుండును.

ఇంత జరిగాక కూడా, యుద్ధం మధ్యలో మనసు చెదిరి గుర్రాలను అదుపుచేయలేకపోతున్నానని ఉత్తరుడు మొరపెట్టుకొన్న సందర్భం సంస్కృతభారత ప్రచలిత పాఠంలో ఉంది. ఈసారి మాత్రం రథం దూకలేదు.

6. సభలో ఉత్తరుడు

రేలంగి అభినయంతో 'నర్తనశాల' (1963) చిత్రంలోని ఉత్తరకుమారుడు తెలుగు ప్రేక్షకుల మనసులో చెరగని హాస్యపాత్ర అయ్యాడు. ఆ హాస్యం గొప్పదే. తప్పు దానిది కాదు. పాత్ర బతుకంతా ఆ ఒక్క పరుగేనని తేల్చుకోవడం దగ్గరే చిక్కు.

గెలుపు తనదేనని తండ్రితో చెప్పమని అర్జునుడు సూచించాడు. ప్రగల్భాలవాడికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. నగరం పూలతో ఎదురొచ్చింది. కొడుకు గెలిచాడన్న మురిపెంలో విరటుడు, బృహన్నలను పొగిడిన కంకుభట్టును పాచికతో కొట్టి ముఖం నెత్తురు చేశాడు. ఆ సభలో అడుగుపెట్టిన ఉత్తరుడు ముందు కంకుభట్టును ప్రసన్నుణ్ణి చేసుకొమ్మని తండ్రిని కోరాడు. తరువాత, ఆవులను గెలిచింది తాను కాదన్నాడు. వ్యాసుని ఉత్తరుడు మరొక మాట కూడా కలిపాడు – భయపడి పారిపోతున్న తనను ఒక దేవకుమారుడు ఆపి, రథమెక్కి, తానే యుద్ధం చేశాడని. అర్జునుని పేరు దాచాడు, తన భయాన్ని దాచలేదు. అంతఃపురంలో లేని శౌర్యాన్ని చెప్పుకొన్న నోరే, నిండుసభలో ఉన్న భయాన్ని ఒప్పుకొంది. నవ్వితే నవ్వనీ అని పొలంలో అన్న మాటకూ ఈ మాటకూ మధ్య గడిచింది కొద్దికాలమే.

విరాటపర్వం ఉత్తరాభిమన్యుల వివాహంతో ముగుస్తుంది. లోకోక్తి అంతదాకా కూడా రాలేదు, జమ్మిచెట్టుకు ఇవతలే ఆగిపోయింది. ఉత్తరుడు మళ్లీ యుద్ధభూమిలో కనిపించేది భీష్మపర్వంలో, కురుక్షేత్ర సంగ్రామం మొదటిరోజున. ఆ రోజు పక్కన అర్జునుడు లేడు. ఏనుగునెక్కి మద్రరాజు శల్యుని మీదికి వెళ్లి, అతడి రథాశ్వాలు నాలుగింటినీ కూల్చి, శల్యుడు విసిరిన శక్తి తగిలి నేలకొరిగాడు.